హిమాలయాల మొహం చూడనివాళ్ళం నేరుగా కాశ్మీర్ గ్రేట్ లేక్స్‌కి వెళ్ళిపోవచ్చా?

ఆముదాలవలస_నడక:
అందరికీ నమస్కారం. మేం ఏడుగురం, పొద్దున్నే కాలేజీ గ్రౌండులో నడిచే బ్యాచీ. అందర్లోకీ చిన్నోడికి 31, పెద్దాయనకి 54. పెద్దాయన బీపీ మాత్ర వేసుకుంటారు. ఆగస్టులో కాశ్మీర్ గ్రేట్ లేక్స్ ట్రెక్ అనుకున్నాం. సోనామార్గ్ దగ్గర ఎక్కి నారానాగ్‌లో దిగడం. డెబ్బై కిలోమీటర్ల పైచిలుకు, ఏడెనిమిది రోజులు. నిచ్‌నాయ్, గడ్‌సర్, జాజ్ అని మూడు పాస్‌లు, అంటే కొండల మధ్య కనుమలు, దాటాలి. విషన్‌సర్, కిషన్‌సర్, గడ్‌సర్, సత్‌సర్, గంగాబల్, నుంద్‌కోల్ సరస్సులు దారిలోనే వస్తాయి. అన్నిటికంటే ఎత్తు గడ్‌సర్ పాస్, సుమారు 4,200 మీటర్లు.

మాలో హిమాలయాలకి వెళ్ళినవాడు ఒక్కడూ లేడు. మా అనుభవమంతా శివరాత్రికి మందస వైపు నుంచి మహేంద్రగిరి ఎక్కడం, ఆషాఢంలో సింహాచలం గిరి ప్రదక్షిణ, అంతే. ఇప్పుడు బ్యాచీ రెండుగా చీలిపోయింది. 'నేరుగా పోదాం, మళ్ళీ మళ్ళీ సెలవు ఎవడిస్తాడు' అని కొందరు. 'ముందు చిన్నదేదైనా చేసొద్దాం' అని కొందరు. టీ కొట్టు దగ్గర తేలేలా లేదు, అందుకే ఇక్కడ పెట్టాను. మొహమాటం లేకుండా చెప్పండి.

గంటస్తంభం:
వెళ్ళిపోండి మాస్టారూ. ట్రెక్కులు నడిపేవాళ్ళే దీన్ని మధ్యస్థం అంటున్నారు, కష్టం అనట్లేదు. తాళ్ళు కట్టుకుని ఎక్కేది కాదు, మంచుగొడ్డలి పట్టేది కాదు. ఆగస్టుకి పాస్‌ల మీద మంచు కూడా చాలామటుకు కరిగిపోతుంది. బెంగళూరు, హైదరాబాద్ నుంచి ఐటీ పిల్లలు ఆఫీసు కుర్చీలోంచి లేచి నేరుగా అక్కడికే పోతున్నారు. రోజూ నడిచే మీకేమైంది?

పూర్ణ 2014లో ఎవరెస్ట్ ఎక్కేనాటికి ఆ అమ్మాయికి 13 ఏళ్ళు. ఏ పర్వతాల్లో పుట్టిందట? నిజామాబాద్ జిల్లా పల్లెటూరు. మీరు ఎక్కేది అందులో సగం ఎత్తు కూడా లేదు.

ఇంకోటి. మా అమ్మానాన్నలు అమర్‌నాథ్ వెళ్ళొచ్చారు. గుహ 3,888 మీటర్ల ఎత్తులో ఉంది. బల్తాల్ నుంచి నడిచి వెళ్ళి దర్శనం చేసుకుని దిగొచ్చేశారు. వాళ్ళేం ప్రాక్టీసు చేశారని?

బారువ_కెరటం:
నేనూ అదే అంటన్నాను. గిరి ప్రదక్షిణ ముప్పై రెండు కిలోమీటర్లు ఒక్క రాత్రిలో నడిసీస్తన్నాం. అక్కడ రోజుకి పదో పన్నెండో అంట. దానికి ముందొకటి, తర్వాతొకటి అని రెండుసార్లు డబ్బులు తగలెట్టాలా? ట్రెక్ ఫీజే పదిహేను వేల పైచిలుకు, దాని మీద రైలో విమానమో, బూట్లు, కోటు, ఇంకోటి. మాలాటోళ్ళకి నాట్లయిపోనాక ఆగస్టులో వారం దొరికితే దొరికినట్టు. ముందు సిన్నది, తర్వాత పెద్దది అనుకుంటే ఆ పెద్దది ఈ జన్మలో అవదు బావూ.

నాగావళి_గట్టు:
గ్రేట్ లేక్స్ పూర్తిగా నడిచొచ్చినవాణ్ణి. నేరుగా వెళ్ళొద్దనే నా మాట. కాళ్ళ బలం గురించి అనడం లేదు, మీ కాళ్ళు సరిపోతాయి. గిరి ప్రదక్షిణ లెక్క ఇక్కడ పనికిరాదు, ఎందుకంటే ఆ ముప్పై రెండు కిలోమీటర్లూ సముద్రమట్టానికి దగ్గర్లోనే. 4,200 మీటర్ల దగ్గర గాలి ఒత్తిడి మన బారువ తీరంలో ఉన్నదాంట్లో అరవై శాతమే. మహేంద్రగిరి శిఖరం 1,501 మీటర్లు. ఎత్తు దెబ్బ, అంటే పైన గాలి పలచబడి ఒంట్లో బాగోలేకపోవడం, మొదలయ్యేదే 2,500 దాటాక. అంటే మీ శరీరం ఆ పరీక్ష ఇంతవరకూ రాయనేలేదు.

లెక్క చూడండి. సోనామార్గ్ 2,750 మీటర్ల దగ్గర ఉంటుంది. మొదటిరోజు రాత్రి పడుకునే నిచ్‌నాయ్ క్యాంపు సుమారు 3,500. ఒక్కరోజులో పడక ఎత్తు 750 మీటర్లు పెరిగింది. 3,000 దాటాక రాత్రి పడుకునే ఎత్తు రోజుకి 500 మీటర్లకి మించి పెంచొద్దని పర్వత వైద్యం చెబుతుంది. ఈ ట్రెక్ ఆ గీత మొదటిరోజే దాటేస్తుంది. మర్నాడు 4,000 దాటిన నిచ్‌నాయ్ పాస్ ఎక్కి అవతలకి దిగి విషన్‌సర్ దగ్గర పడక.

మొదటిరోజు నడక ఎంత బాగుంటుందో చెప్పాలి, ఎందుకంటే అదే మోసం. పచ్చిక మీద నెమ్మదిగా ఎక్కుతాం, తర్వాత భూర్జవృక్షాల అడవి, తెల్లటి బెరడు కాగితంలా ఊడుతూ ఉంటుంది. తర్వాత చెట్లు ఆగిపోయి లోయ, నది, రెండువైపులా రాయి. సాయంత్రం టెంటు దగ్గరికి చేరేసరికి అందరూ హుషారు, ఫొటోలు. రాత్రి తొమ్మిదింటికి మా బ్యాచీలో ఒకాయన అన్నం వాసన చూసి వాంతి చేసుకున్నాడు. తలనొప్పి. బెంగళూరులో మారథాన్లు పరిగెత్తే మనిషి ఆయన. అందర్లోకీ తక్కువ నడిచే మా లావుపాటి మిత్రుడికి ఏమీ అవలేదు. గైడు ఆయన్ని పొద్దున్నే గుర్రం ఎక్కించి వెనక్కి సోనామార్గ్ పంపేశాడు. నిచ్‌నాయ్ పాస్‌కి ఇవతల ఉన్నాం కాబట్టి అది కుదిరింది. విషన్‌సర్ చేరాక అదే అయితే ఆ పాస్ వెనక్కి ఎక్కించాలి. గడ్‌సర్ లోయలోకి దిగాక సోనామార్గ్‌కి పోవాలన్నా నారానాగ్‌కి పోవాలన్నా ముందు మళ్ళీ పైకి ఎక్కాల్సిందే. ఎత్తు దెబ్బకి మందు దిగడం, అక్కడేమో దిగడానికి ముందు ఎక్కాలి.

సీతంపేట ఏజెన్సీలో గర్భిణిని డోలీ కట్టి మోసుకొచ్చారని పేపర్లో చదివి మనం అయ్యో అంటాం. గడ్‌సర్‌లో మీకు బాగోలేకపోతే మీ పరిస్థితీ అదే, ఆ డోలీ మోయడానికి కూడా 4,000 మీటర్ల ఎత్తులో మనుషులు దొరకాలి.

గంటస్తంభం గారూ, పూర్ణ విషయం సగమే చెప్పారు. ఆ అమ్మాయి భువనగిరి కొండ మీద మొదలుపెట్టింది, డార్జిలింగ్‌లో శిక్షణ తీసుకుంది, చలికాలంలో లదాఖ్ వెళ్ళింది, ఆ తర్వాతే ఎవరెస్ట్. అంటే మెట్టుమెట్టుగా. మీ ఉదాహరణ నా పక్షానే నిలబడింది. అమర్‌నాథ్‌కి ఆరోగ్య ధ్రువపత్రం లేనిదే పంపరు, 13 లోపు, 70 పైబడినవాళ్ళని రానివ్వరు, దారిపొడుగునా డాక్టర్లు, ఆక్సిజన్, లంగర్లు ఉంటాయి. విషన్‌సర్ ఒడ్డున మీకు దొరికేది గొర్రెలు, సైనికుల పోస్టు, గొర్రెలు కాసే బకర్వాల్‌ల గుడిసెలో ఉప్పు టీ.

గంటస్తంభం:
సరే, పూర్ణ సంగతి వదిలేద్దాం. కానీ మీ ఉదాహరణే తీసుకుంటే మారథాన్ మనిషి పడిపోయాడు, నడవని మనిషి నిలబడ్డాడు. ఎవరికి వస్తుందో ముందు తెలియదన్నమాట. అలాంటప్పుడు ముందు చిన్న ట్రెక్ చేసినా ఏం లాభం? అప్పుడు రాలేదు కాబట్టి ఇప్పుడూ రాదని రాసిస్తారా?

ఉద్దానం_డాక్టరు:
దీనికి నేను జవాబు చెబుతాను, పలాస దగ్గర ప్రాక్టీసు చేస్తున్నాను. రాసివ్వరు. అయినా లాభం ఉంది. ఎవరికి ఎత్తు పడదో చెప్పగలిగే రక్తపరీక్ష లేదు, ట్రెడ్‌మిల్ లేదు. ఉన్నవాటిలో నమ్మదగింది ఒక్కటే, అదే ఎత్తుకి అదే వేగంతో ఇదివరకు ఎక్కినప్పుడు ఆ మనిషికి ఏమైంది అన్నది. ఒకసారి 3,600 దగ్గర పడుకుని చూస్తే కొంత సమాచారం చేతికొస్తుంది. మీ ఏడుగురి దగ్గరా ఇప్పుడున్న సమాచారం సున్నా.

గుర్తుపట్టడం నేర్చుకోండి. తలనొప్పికి తోడు వికారమో, నీరసమో, తల తిరగడమో ఉంటే ఎత్తు దెబ్బే అనుకోవాలి, వేరే కారణం రుజువయ్యే దాకా. ఇంకా పైకి పోకూడదు. కూర్చున్నా ఆయాసం, ఆగని దగ్గు ఉంటే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందేమో. మాట తడబడి నడక తూలుతుంటే మెదడు వాపు కావచ్చు. అనుమానం వస్తే ముందు కాలి మడమ వెనక కాలి వేళ్ళకి ఆనేలా గీత మీద నడిపించండి, తూలితే అర్ధరాత్రయినా దింపాలి.

ఇక డయమాక్స్, ఎత్తు దెబ్బ రాకుండా వేసుకునే మాత్ర. చాలామంది వాట్సాప్ చూసి మందుల షాపులో కొనేస్తున్నారు. సాధారణంగా 125 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు, ఎక్కడానికి ముందురోజు నుంచి. వేళ్ళు తిమ్మిర్లెక్కుతాయి, మూత్రం ఎక్కువసార్లు వస్తుంది, అది మామూలే. సల్ఫా మందు పడనివాళ్ళు ముందే డాక్టరుకి చెప్పాలి. కానీ మన జిల్లావాళ్ళకి నేను ప్రత్యేకంగా చెప్పేది ఇంకోటుంది. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు వాళ్ళు ఎవరైనా సరే, వయసు ముప్పై అయినా, ఒంట్లో ఏ బాధా లేకపోయినా, ట్రెక్ డబ్బు కట్టే ముందు సీరం క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్తపరీక్ష), మూత్రంలో ప్రొటీన్ పరీక్ష చేయించుకోండి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు చప్పుడు లేకుండా ముదురుతుంది. కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్ళు డయమాక్స్ వేసుకోకూడదు. అంతకంటే పెద్ద ప్రమాదం ఒళ్ళునొప్పుల మాత్రలు. ట్రెక్‌లో మోకాలు నొప్పంటే ఎవరో ఒకరు జేబులోంచి బ్రూఫెన్ తీసిస్తారు. చలికి దాహం వెయ్యదు, నీళ్ళు తాగరు, పైన ఆ మాత్ర. కిడ్నీకి అంతకంటే చెడ్డ కలయిక ఉండదు.

బీపీ పెద్దాయన సంగతి. బీపీ అదుపులో ఉంటే ఎత్తుకి పోకూడదనేం లేదు. మాత్ర మానకూడదు. ఏ మాత్ర వాడుతున్నారో చూసి ఆయన డాక్టరే చెప్పాలి, నేను ఇక్కడ్నుంచి చెప్పను.

ఆముదాలవలస_నడక:
డాక్టరు గారూ, చాలా థాంక్స్. మాలో చిన్నోడిది కవిటి మండలం. ఇక్కడ ఉద్యోగం. పరీక్ష చేయించుకోమంటే నవ్వాడు, 'నాకేటి, పొద్దున్న పది కిలోమీటర్లు పరిగెడతాను' అన్నాడు. అయినా ఈ వారం పంపిస్తాను.

చీపురుపల్లి_టీచర్:
నాగావళి గారితో నేను ఏకీభవించను. నలభై దాటాక, అంతకుముందు ఏ కొండా ఎక్కకుండా, నేరుగా ఈ ట్రెక్కే చేశాను. మా బ్యాచీలో ఆడవాళ్ళమే ఎక్కువ. ఆయన చూపించిన లెక్క సరైందే, కానీ ఆ లెక్క మార్చుకోవచ్చు కదా. మేం సోనామార్గ్‌లో రెండు రాత్రులున్నాం. మధ్యలో రోజు థాజివాస్ హిమానీనదం వైపు నెమ్మదిగా ఎక్కి దిగాం. విషన్‌సర్‌లో ఇంకో రోజు ఆగాం, ఆ రోజు పక్కనే ఉన్న కిషన్‌సర్ దాకా నడిచొచ్చాం. ఈ రెండు రోజులే మొత్తం మార్చేశాయి. చిన్న ట్రెక్ ఒకటి చేసి ఏడాది తర్వాత పెద్దది చేస్తే ఆ మొదటిదాని అలవాటు శరీరంలో నిలవ ఉండదు. అలవాటు పడడం ప్రతిసారీ మొదట్నుంచే. కాబట్టి ఆ డబ్బూ ఆ రోజులూ ఈ ట్రెక్‌లోనే ఎక్కువ రాత్రులకి ఖర్చుపెట్టడం తెలివైన పని.

అసలు భయపడాల్సింది ఎవరూ చెప్పట్లేదు. గడ్‌సర్ పాస్ ఎక్కడం నిటారుగా ఉన్నా అడుగులో అడుగేసుకుంటూ పోవచ్చు. పైనుంచి వెనక్కి తిరిగితే విషన్‌సర్, కిషన్‌సర్ రెండూ ఒకేసారి కనిపిస్తాయి, ఎక్కిన అలసట అక్కడే పోతుంది. సత్‌సర్ దాటాక బండరాళ్ళు ఉంటాయి, ఒక్కోటి ఆవు అంత, ఒకదాని మీంచి ఒకదానికి దాటుతూ పోవాలి, వాన పడితే జారతాయి. చివరిరోజు గంగాబల్ నుంచి నారానాగ్‌కి పన్నెండు వందల మీటర్లకి పైగా ఒక్కరోజులో దిగుతాం. మట్టి, రాళ్ళు, గుర్రాలు తొక్కిన బురద. అందరి మోకాళ్ళూ అక్కడే పోయాయి. ఆ రాత్రి నారానాగ్‌లో బాత్రూంలో కూర్చుని లేవలేకపోయిన మగవాళ్ళని చూశాను. దిగడం ప్రాక్టీసు చెయ్యండి. సింహాచలం మెట్లు ఎక్కి బస్సులో దిగిపోతారు కదా, దానికి తిరగబడి బస్సులో ఎక్కి మెట్ల మీద దిగండి, మళ్ళీ మళ్ళీ.

ఆడవాళ్ళెవరైనా చదువుతుంటే ఒక మాట. గుంట తవ్విన టాయిలెట్ టెంటు ఉంటుంది, రాత్రి దానికి నడిచి వెళ్ళాలి, తలకి కట్టుకునే లైటు కొనుక్కోండి. నెలసరి మాత్రలు వేసుకుని వాయిదా వేయాలనుకుంటే డాక్టరుని అడక్కుండా వద్దు. వాడిన ప్యాడ్లు అక్కడ పారేయకండి, జిప్ కవర్లో కిందికి తెచ్చుకోవడమే.

నాగావళి_గట్టు:
టీచర్ గారూ, మీరు చెప్పిన ప్రణాళికకి నాకు అభ్యంతరం లేదు. అది దొరకడమే కష్టం. తారీఖులు ముందే పెట్టేసిన బ్యాచీల్లో సోనామార్గ్‌లో ఒక్క రాత్రే ఉంటుంది, మర్నాడు నడక. మనకోసం రోజు పెంచరు.

చీపురుపల్లి_టీచర్:
వాళ్ళు ఏడుగురున్నారు కదండీ. ఏడుగురంటే సొంత తారీఖు అడిగే సంఖ్యే. స్థానిక గైడుని, వంటమనిషిని, గుర్రాలవాళ్ళని పెట్టుకుంటే రోజులు మన చేతిలో ఉంటాయి. ఖర్చు కొంచెం పెరుగుతుంది, రెండు ట్రెక్కులకయ్యేంత మాత్రం పెరగదు.

బారువ_కెరటం:
అదీ మాట! టీచరమ్మ సెప్పింది రైటు. ఇంకో డౌటు, సామాను గుర్రం మీద ఎయ్యొచ్చా? మా గుంటడు అంటన్నాడు, గుర్రం మీద బ్యాగ్ ఏస్తే అది ట్రెక్ అవదంట.

నాగావళి_గట్టు:
వెయ్యండి, నిశ్చింతగా. టెంట్లు, బియ్యం, గ్యాసు ఎలాగూ గుర్రాల మీదే వస్తాయి. భుజాన నీళ్ళు, వానకోటు, స్వెట్టరు, తినుబండారం, మీ మందులు ఉన్న చిన్న సంచి చాలు. పరువు కోసం పన్నెండు కిలోలు మోసి మోకాలు పోగొట్టుకున్న కుర్రాళ్ళని చూశాను. కానీ వానకోటు గుర్రం మీద మాత్రం వెయ్యకండి, వాన మీ మీద పడేసరికి గుర్రం రెండు కిలోమీటర్ల ముందుంటుంది.

కొత్తవలస_జంక్షన్:
ఎవరూ అడగని ప్రశ్న నేనడుగుతాను. అసలు కాశ్మీరే ఎందుకు? 2025 ఏప్రిల్‌లో పహల్గాం దగ్గర బైసరన్‌లో 26 మందిని చంపేశాక అక్కడి పర్యాటక ప్రాంతాలు చాలావాటిని మూసేశారు, ట్రెక్కుల సీజను దెబ్బతింది. మీ దారి నియంత్రణ రేఖకి మరీ దూరం కాదు, ఆ కొండలకి ఉత్తరాన గురేజ్ లోయ. అందుకే దారిలో సైన్యం పోస్టుల దగ్గర ఆధార్ చూస్తారు, పేర్లు రాసుకుంటారు. అనుమతులు ఏ ఏడాదికా ఏడాది మారుతుంటాయి. ఆగస్టు అనుకుని అడ్వాన్సు కట్టాక మూసేస్తే డబ్బు వెనక్కి ఎలా వస్తుందో ముందు కాగితం మీద రాయించుకోండి. ఇంట్లోవాళ్ళకి కూడా ముందే చెప్పండి, సోనామార్గ్ దాటాక ఫోను ఉండదు, దానికి ముందయినా మన ప్రీపెయిడ్ సిమ్ అక్కడ పనిచెయ్యదు, పోస్ట్‌పెయిడ్ ఉండాలి. వారం రోజులు కబురు లేకపోతే ఇక్కడ మీ అమ్మగారు పైడితల్లమ్మకి మొక్కులు మొదలెట్టేస్తారు.

నా ఓటు సందక్‌ఫూకి. 3,636 మీటర్లు, పశ్చిమ బెంగాల్‌లో కెల్లా ఎత్తైన చోటు. విజయనగరం నుంచి న్యూ జల్పాయ్‌గురికి నేరుగా రైళ్ళున్నాయి. అక్కణ్ణుంచి జీపులో మానేభంజన్. మానేభంజన్ 2,100 పైన, మొదటి రాత్రి తుమ్లింగ్ 2,970, తర్వాత కాలీపోఖ్రీ 3,170, తర్వాత సందక్‌ఫూ. మెట్లు చూశారా, ఎంత పద్ధతిగా పెరుగుతున్నాయో. పడుకోడానికి ఇళ్ళు, లాడ్జీలు ఉంటాయి, టెంటు గోల లేదు. అన్నిటికంటే ముఖ్యం, పైదాకా జీపు వెళ్ళే రోడ్డుంది. రాత్రి ఎవరికైనా బాగోలేకపోతే జీపెక్కించి దింపేయొచ్చు. పొద్దున్నే ఆకాశం బాగుంటే కాంచన్‌జంగ వరస మొత్తం, దూరంగా ఎవరెస్ట్ కూడా కనిపిస్తుంది. వానల్లో సింగలీలా జాతీయవనం మూసేస్తారు కాబట్టి ఆగస్టులో కుదరదు, అక్టోబరు చివరో నవంబరో వెళ్ళాలి.

గంటస్తంభం:
జీపు పోయే రోడ్డు మీద నడవడాన్ని ట్రెక్ అంటారా? పక్కనుంచి దుమ్ము రేపుకుంటూ బండ్లు పోతుంటే! సరస్సులు చూద్దామనుకున్నవాణ్ణి తీసుకెళ్ళి రోడ్డు మీద నడిపిస్తానంటున్నారు.

కొత్తవలస_జంక్షన్:
సరస్సులు ఎక్కడికీ పోవు. మీ పెద్దాయన మొదటిసారి 3,600 దగ్గర పడుకున్న రాత్రి బండి పక్కన ఉండాలా వద్దా అన్నదే నా ప్రశ్న. అయినా పాత కాలిబాటలు ఇంకా ఉన్నాయి, గైడు తెలిసినవాడైతే రోడ్డుని చాలాచోట్ల తప్పిస్తాడు.

చీపురుపల్లి_టీచర్:
నేను మాత్రం నా మాట మీదే ఉన్నాను. గడ్‌సర్ దగ్గర జూలైలో కూడా నీళ్ళలో మంచుగడ్డలు తేలుతుంటాయి, ఆగస్టులో ఒడ్డంతా పూలు. హర్ముఖ్ 5,142 మీటర్ల శిఖరం, దాని కిందే గంగాబల్. కాశ్మీరీ పండితులకి అది గంగతో సమానం, అస్థికలు కలిపే చోటు. అక్కడ ఉదయం నీళ్ళు ముట్టుకుంటే చెయ్యి మొద్దుబారిపోయింది. జీవితంలో ఒక్కసారే అవకాశం ఉన్న మనిషికి ఒక్కసారికి ఏది చూపించాలి అన్నదీ ఒక లెక్కే. అందరూ భద్రత ఒక్కదాన్నే తూకం వేస్తున్నారు.

నాగావళి_గట్టు:
ఒక్కసారే అవకాశం ఉన్న మనిషిని రెండోరోజు గుర్రం మీద వెనక్కి పంపేస్తే ఆ ఒక్కసారీ పోయినట్టే కదా మేడం. మా మారథాన్ మిత్రుడికి జరిగింది అదే. సోనామార్గ్‌లో లాడ్జీలో వారం కూర్చున్నాడు మా కోసం. ఆయన ఇప్పటికీ విషన్‌సర్ ఫొటోలు చూపించొద్దంటాడు.

బారువ_కెరటం:
మీ ఇద్దరూ కొట్టుకోండి గానీ, టికెట్ల సంగతి సెప్పండి. కాశ్మీర్‌కి రైల్లో పోతే అవదా?

కొత్తవలస_జంక్షన్:
ఇప్పుడవుతుంది. విజయనగరంలో సమతా ఎక్కితే పార్వతీపురం, రాయగడ మీదుగా నిజాముద్దీన్. ఢిల్లీ నుంచి కత్రా. 2025 జూన్ నుంచి కత్రా–శ్రీనగర్ వందే భారత్ నడుస్తోంది, చీనాబ్ మీద 359 మీటర్ల ఎత్తు వంతెన మీంచి పోతుంది. రిజర్వేషను అరవై రోజుల ముందే తెరుస్తారు, పాత నూట ఇరవై రోజుల లెక్కలో ఉండకండి. కానీ రానూపోనూ రైల్లోనే అయితే సెలవు రెండు వారాలు పైమాటే.

ఆముదాలవలస_నడక:
అందరికీ నమస్కారం. ఆదివారం కూర్చున్నాం. పెద్దాయన ఆయనంతట ఆయనే తప్పుకున్నారు, 'నవంబరులో సందక్‌ఫూకి వస్తాను, ముందు నన్ను జీపు ఉన్న చోటికి తీసుకెళ్ళండి' అన్నారు. ఆయనతో ఇంకో ముగ్గురు. ఇద్దరు మాత్రం టీచర్ గారి పద్ధతిలోనే ఆగస్టులో వెళ్తామంటున్నారు. ఇద్దరికి సొంత గుర్రాలు, వంటమనిషి అంటే ఖర్చు తడిసి మోపెడవుతుంది, ఇంకో నలుగురు తోడు దొరుకుతారా అని వెతుకుతున్నారు. ఇక్కడెవరైనా ఉంటే చెప్పండి.

ఏడోవాడి సంగతే డాక్టరు గారిని అడగాలి. మా కవిటి తమ్ముడు పరీక్ష చేయించుకున్నాడు. క్రియాటినిన్ 1.7 వచ్చింది. వాడికే నమ్మకం కలగట్లేదు, ల్యాబు తప్పంటున్నాడు. ట్రెక్ కోసం నెల్లాళ్ళుగా జిమ్‌కి కూడా వెళ్తున్నాడు, ప్రొటీన్ పొడి తాగుతున్నాడు. మాలో ఇద్దరు దాని వల్లే అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

ఉద్దానం_డాక్టరు:
ల్యాబు తప్పయినా కావచ్చు, జిమ్ వల్ల కొంత పెరిగినా పెరగొచ్చు. బాగా బరువులెత్తినా, ముందురోజు మాంసం ఎక్కువ తిన్నా, క్రియాటిన్ పొడి వాడినా ఆ అంకె కొంచెం పైకి పోతుంది. కానీ కవిటి వాడికి, 31 ఏళ్ళకి 1.7 వస్తే నేను దాన్ని జిమ్ మీద తోసేసి ఊరుకోను.

మూడు రోజులు జిమ్ ఆపమనండి, నడక చాలు. పొడి పూర్తిగా మానెయ్యాలి, ఆ డబ్బా మీద ఏం రాసుందో ఫొటో తీసి తెమ్మనండి. ముందురోజు మాంసం వద్దు. నీళ్ళు మామూలుగా తాగాలి, పరీక్ష కోసమని బిందెలు బిందెలు తాగక్కర్లేదు. తర్వాత వేరే ల్యాబులో మళ్ళీ క్రియాటినిన్, మూత్రంలో ప్రొటీన్, పొట్ట స్కానింగు. మోకాలు నొప్పనీ ఒళ్ళునొప్పులనీ ఈ నెలలో ఏ మాత్రలు మింగాడో రాసుకురమ్మనండి, సిగ్గుపడకుండా అన్నీ. ఇంట్లో అమ్మకో నాన్నకో కిడ్నీ జబ్బు ఉందా అన్నదీ కనుక్కోండి. పలాసలో కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబరు నుంచి ఉంది, అక్కడ చూపించుకోవచ్చు, లేదా నా దగ్గరికి రమ్మన్నా సరే.

ఆగస్టు, నవంబరు ఏదీ ఇప్పుడు బుక్ చెయ్యొద్దు. అడ్వాన్సు కట్టి ఉంటే వెనక్కి అడగండి.